నల్ల జీలకర్ర ధర అడగడానికి మూడు రోజులు

ఇరవై ఎనిమిదేళ్లు ఊరి పోస్టాఫీసు నడిపాను. ఆ ఉద్యోగం చేసిన మనిషికి ఎవరి కాగితమైనా చదివి చెప్పే అలవాటు ఎలాగూ వస్తుంది. దానితోపాటే ఏ కాగితాన్నీ నమ్మని బుద్ధి కూడా వస్తుంది. నాకు రెండోది కాస్త ఎక్కువే వచ్చిందని మా ఆయన అంటాడు. సంతలో వంకాయ కొన్నా ముచ్చిక ఎత్తి చూస్తాను. దేవుడి ప్రసాదం పెట్టినా ఇవాళ్టిదేనా అని అడుగుతాను. అందుకే మొన్న దసరా దాటాక మా ఊరి పది కుటుంబాలవాళ్లూ కలిసి, హైదరాబాద్ వెళ్లి నిజమేదో తేల్చుకుని రమ్మని నన్ను పంపారు. వెళ్లి వచ్చాను. వెళ్లని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను, వెళ్లినదాన్ని నేనే అయినా నా పరువు కాపాడుకోవాలని ఏమీ దాచడం లేదు.

సంగతి ఇదీ. మాది సిద్దిపేట దాటి ఇంకా లోపలికి వెళ్లాలి. వానకాలం వరి, యాసంగి వరి, మధ్యలో వరి గురించి మాటలు. పోయిన యాసంగిలో మా మరిది మల్లేశం బోరు సరిగ్గా వరి పాలు పోసుకునే వేళకు ఆగిపోయింది. సగం మడి కోసి బర్రెలకు వేశాడు. ఆ బాధలో ఉండగా సతీశ్ అనే కంపెనీ మనిషి బండి మీద వచ్చాడు. వరి మానేసి కలోంజి వేయండి, నీళ్లు తక్కువ, విత్తనం మేమిస్తాం, పండినదంతా ఆనాటి బజారు ధరకు మేమే కొంటాం అన్నాడు. చిన్న కవర్లో నల్లటి గింజలు చూపించి, ఆ కవరూ ఒప్పందం కాగితాలూ ఇచ్చి పోయాడు.

కలోంజి అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. నల్ల జీలకర్ర అని చెప్పాను. జీలకర్ర అనగానే అందరి ముఖాలూ తేలికపడ్డాయి. తెలిసిన పేరున్న పంట సగం చుట్టమే కదా. ఇక ధర. సతీశ్ ధర చెప్పలేదు, నేను ఊరుకుంటానా? హైదరాబాద్‌లో ఉన్న మా అక్క కూతురికి ఫోన్ చేసి, నల్ల జీలకర్ర కిలో ఎంతో కనుక్కోమన్నాను. దుకాణంలో అడిగి ఏడు వందలని చెప్పింది. వరి ఒక పక్క, ఇది ఒక పక్క, నీళ్లు, రోజులు, ధర అన్నీ ఒక తెల్ల కాగితం మీద అందరికీ అర్థమయ్యేలా రాసి, కింద అలవాటుకొద్దీ సంతకం పెట్టి, పంచాయతీ గోడకు అంటించాను. నా అక్షరాలు బాగుంటాయని ఊళ్లో పేరు.

ఆ కాగితం చూసిన రోజే మల్లేశం ఉన్న మూడెకరాలూ నల్ల జీలకర్రే అన్నాడు. ఇంటి తిండికి కూడా వరి వేయనన్నాడు. "మరి తినేదానికి ఏం పెడ్తవ్?" అని అతని భార్య సుజాత అడిగితే, "కొనుక్కుందాం, గంత పైసలొస్తయ్ గదా" అన్నాడు. సోమవారం సంతకాలు. సతీశ్ మరీ మెత్తగా మాట్లాడుతున్నాడని నాకు అనుమానం. అమ్మేవాడు మెత్తగా ఉంటే అర్థం చేసుకోవచ్చు, కొనేవాడు మెత్తగా ఉంటే ఏదో ఉంది. సోమవారం లోపు ఆ ఏదో కనిపెట్టాలని మల్లేశాన్ని వెంటబెట్టుకుని బుధవారం బయలుదేరాను. మా ఆయన బర్రెలను విడిచి రాడు.

నాంపల్లి

బస్సు దిగాక ఆటో అతను నాంపల్లికి నూట యాభై అన్నాడు. వద్దన్నాను. రెండో అతను నూట ఇరవై అన్నాడు. ఇతను తగ్గించాడంటే ఇంకేదో మోసమని అతన్నీ వద్దన్నాను. సిటీ బస్సెక్కి ఎక్కడో ముందే దిగిపోయి, అక్కడినుంచి నడిచాం. నాంపల్లి స్టేషన్ కనపడేసరికి నా కుడికాలి చెప్పు తెగింది. స్టేషన్ ఎదురుగా కొత్త జత రెండు వందలకు కొన్నాను. మల్లేశం ఆటోల వైపు చూసి నవ్వుకున్నాడు.

లాడ్జిలో నాకొక చిన్న గది, అతనికి హాల్లో ఒక మంచం. లాడ్జి ఆయన బరువెందుకు, సంచి ఇక్కడ పెట్టి వెళ్లమన్నాడు. ఆ మాటతో ఆ సంచి మూడు రోజులూ నా భుజం దిగలేదు. అందులో కంపెనీ కాగితాలున్నాయి మరి.

నాంపల్లిలో సాయంత్రం నాలుగున్నరకే ప్రతి హోటల్లోనూ చాయ్ కోసం జనం నిలబడి ఉంటారు. మా దగ్గర చాయ్ ఇంటికి వచ్చినవాళ్లకు ఇచ్చేది. ఇక్కడ ఇంటికి వెళ్లడం ఇష్టం లేనివాళ్లు తాగేదిలా కనపడింది. చాయ్ ఇరవై రూపాయలు, గుక్కకు రెండు రూపాయలు పడుతుంది. బిస్కెట్టు ఉప్పగా ఉందో తియ్యగా ఉందో తేల్చుకోలేక రెండు తిన్నాను.

తర్వాత ఆకలేసి ఒక హోటల్లో నాన్, కూర చెప్పాం. నాన్ వచ్చింది. దాని నిండా నల్లటి నలుసులు. మట్టో, మాడిన పిండో, ఇంకేదో. పట్నంలో పిండి జల్లించరు కాబోలనుకుని ఒక్కొక్కటే గోటితో ఏరి పళ్లెం అంచున కుప్ప పెట్టాను. వడ్డించే ఆయన చూసి, "అమ్మా, గది మసాలానే, తినొచ్చు" అన్నాడు. తినొచ్చని చెప్పాల్సి వచ్చిందంటే తినకూడనిదే అయ్యుంటుందని ఇంకాస్త శ్రద్ధగా ఏరాను. మల్లేశం తన నాన్ నలుసులతో సహా తినేశాడు. నేను ఏరిన నాన్ చప్పగా ఉంది.

ఆఫీసులో విన్న పేరు

మర్నాడు పొద్దున నాంపల్లిలోనే ఉన్న పంటల ఆఫీసుకు వెళ్లాం. అక్కడ ఒక చిన్నవయసు అధికారిణి. ఆమె బల్ల మీద ఫైళ్లు, కిటికీలో ఒక తులసి కుండీ. మేం కూర్చోకముందే మంచినీళ్లు ఇప్పించింది. ఆఫీసులో అడక్కుండా నీళ్లిస్తే నాకు మరీ అనుమానం, పని కాదని ముందే చెప్పడమేమోనని.

మల్లేశం చొక్కా జేబులోంచి గింజల కవరు తీసి చూపించాడు. ఆమె ఒక గింజ గోటితో నలిపి చూసి, "నిజెల్లా. యాసంగిలో వేస్తారండి. నీళ్లు నిలవని నేల కావాలి. మీ వైపు కొత్త కదా, ముందు అర ఎకరంలో ట్రై చేయండి" అంది.

"నిజెల్ల అంటే ఏంది మేడం?" అని మల్లేశం అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపే నేను మోచేత్తో పొడిచాను. "నల్ల జీలకర్రకు ఇంగ్లీషు పేరు, ఊకో" అన్నాను. పదిమందిలో మరిది తెలియనట్టు అడిగితే నాకు నామోషీ.

"అవునమ్మా, అలా కూడా అంటారు" అంది ఆమె.

ఇప్పుడు ఇది రాస్తుంటే ఆ 'కూడా' అన్న మాట చెవిలో గుచ్చుకుంటోంది. ఇరవై ఎనిమిదేళ్లు చిరునామాల్లో ఒక అక్షరం తేడా వస్తే పట్టుకున్నదాన్ని, ఆ ఒక్క మాటను వదిలేశాను. అప్పుడు నా అనుమానమంతా అర ఎకరం మీదికి పోయింది. గవర్నమెంటువాళ్లు ఎప్పుడూ అర ఎకరమే అంటారు, ఎక్కువ వేస్తే ఎక్కడ బాగుపడతామోనని. ధర అడిగితే, "ధర మేం చెప్పకూడదండి. బేగం బజార్ పక్కనే కదా, అక్కడ కనుక్కోండి. ఒకే దుకాణంలో కాదు, నాలుగింటిలో అడగండి" అంది. ఆ సలహా ఒక్కటే నాకు నచ్చింది.

బేగం బజార్

బేగం బజార్‌లో నడవాలంటే ముందు చేతులు దగ్గరికి ముడుచుకోవాలి. తోపుడు బండి, దాని వెనుక బస్తా మోసే మనిషి, అతని వెనుక స్కూటరు, అన్నిటికీ దారి మనమే ఇవ్వాలి. మిరపకాయ ఘాటుకు తుమ్ములు, ఆ పక్కనే గిన్నెల దుకాణం, ఆ పక్కన జీడిపప్పు. మా మార్కెట్ యార్డులో పంట తెచ్చిన రైతు ఎండలో నిలబడతాడు, కొనేవాడు కుర్చీలో ఉంటాడు. ఇక్కడ అమ్మేవాడు కుర్చీలో ఉన్నాడు, కొనేవాడు నిలబడ్డాడు. ఎక్కడికెళ్లినా కుర్చీ సేటుదేనన్నమాట.

మొదట దొరికిన దుకాణం సేటు పేరు రాంకిషన్. అరవై దాటినవాడు. వాళ్ల తాత కాలం నుంచీ అదే గడప మీద వ్యాపారమట. మల్లేశం కవరు ఇచ్చాడు. సేటు గింజలు అరచేతిలో పోసుకుని, ఊదకుండా, నలపకుండా, చెయ్యి ఎండలోకి పెట్టి కాసేపు చూసి, "మంచి మాల్. ఇయ్యాల్ల రేటు రెండు వందల ముప్పై" అన్నాడు.

నా కాగితంలో ఏడు వందలు. నాకు లోపల మండింది. పల్లెటూరి చీరె చూసి మూడో వంతుకు దింపాడు.

"కూసో అమ్మా, చాయ్ తాగుతరా?" అన్నాడు సేటు.

ఊరికే చాయ్ తాగిస్తానంటే ఇంకేమనుకోవాలి? వద్దని లేచాను. పక్క సందులో ఇంకో దుకాణంలో కవరు చూపిస్తే రెండు వందల ఇరవై ఐదు అన్నారు. ఇందాకటి సేటు ఫోన్ చేసి చెప్పి ఉంటాడు, అందరూ ఒకటే. మూడో దుకాణంలో కవరు బయటికి తీయనివ్వలేదు. ఉత్త చేతులతో వెళ్లి, ఏమీ తెలియనట్టు, "నల్ల జీలకర్ర ధరెంత?" అని అడిగాను.

"ఏడు వందల ఇరవై" అన్నాడు కౌంటర్లో ఉన్నాయన, తలెత్తకుండా.

మల్లేశం వైపు చూశాను. చూశావా, మాల్ చూపిస్తే రెండు వందలు, పేరు అడిగితే ఏడు వందలు. కొనేటప్పుడు ఒక ధర, అమ్మేటప్పుడు ఒక ధర. ఆ క్షణంలో నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. మోసం దొరికిన సంతోషం అది. మనిషికి రాకూడని సంతోషం, కానీ నాకు వచ్చింది.

నేరుగా రాంకిషన్ దుకాణానికి తిరిగొచ్చాను. "పక్క గల్లీల ఏడు వందల ఇరవై ఉన్నది. మీరు రెండు వందల ముప్పై అంటరు. ఏంది సేటు, రైతులంటే గంత అలుసా?" అన్నాను. బస్తా కుడుతున్న మనిషి కుట్టడం ఆపాడు.

సేటుకు కోపం రాలేదు. "ఏం పేరు చెప్పి అడిగినవమ్మా?" అన్నాడు.

"నల్ల జీలకర్ర."

"ఔ" అని లేచి, వెనుక అరలోంచి మూత గట్టిగా బిగించిన డబ్బా ఒకటి తెచ్చాడు. పాత పేపరు పరిచి, ఒక పక్క మా గింజలు పోశాడు, ఇంకో పక్క డబ్బాలోవి. మావి మూలలున్న నల్లటి ముక్కలు. అవి సన్నగా, వంకరగా, గోధుమరంగు కలిసిన నలుపు. "వాసన చూడు" అన్నాడు. చూశాను. పెళ్లి బిర్యానీ గంజు మూత తీసినట్టు గుప్పుమంది. మా గింజలకు ఆ వాసన లేదు.

"గిది షాజీర. చలి కొండలల్ల అయితది, మీ దిక్కు గాదు. దీన్ని గూడ నల్ల జీలకర్ర అంటరు. మీరు తెచ్చింది కలోంజి. దీన్ని గూడ గదే అంటరు. రెంటికి ఒక్కటే పేరు. గందుకే బేరం చేసెటోల్లు ఎవ్వరు గా పేరు నోట్లకెల్లి తియ్యరు. తీస్తే కొట్లాటనే."

నేను పేపరు మీదికి వంగి రెండు కుప్పలూ మళ్లీ వాసన చూశాను. మల్లేశం సేటును అడిగాడు, "మరి మా కలోంజి ఎవరు తింటరు సేటు?"

"నాన్ మీద చల్లుతరు. పచ్చళ్లల్ల వేస్తరు. కొందరు మందు లెక్క దవాకు తీస్కపోతరు."

"నాన్ మీదనా?" అని మల్లేశం నా వైపు తిరిగాడు. "మా వదినె నిన్న మొత్తం ఏరి పారేసింది సేటు. మట్టి అనుకున్నది."

సేటు నవ్వాడు, బస్తా కుట్టే మనిషి నవ్వాడు, నాకూ నవ్వొచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే నవ్వడం అయ్యాక మల్లేశం దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాడు. మూడెకరాలనూ అతను ఏడు వందల లెక్కన మనసులో ఎప్పుడో కోసేశాడు. సుజాతకు కుట్టుమిషను, బోరు ఇంకా లోతుకు, బిడ్డ కాలేజీ. "మూడో వంతే నా వదినె?" అన్నాడు మెల్లగా. నేను సంచి సర్దుకున్నాను.

ఈసారి సేటు ఇచ్చిన చాయ్ తాగాం. తాగుతుంటే ఆయన ఇంకో మాట అన్నాడు. "ధర తక్కువని పంట ఖరాబేం గాదు. నీళ్లు తక్కువ, మందులు తక్కువ, వరి కన్న నష్టమేం రాదు. గాని ఎంత పోతదో చూడాలె. నా దుకాణంల నెలకు నాలుగు బస్తాలు పోతయ్. మీ ఊరు, పక్క ఊరు, దాని పక్క ఊరు అన్నీ గదే వేస్తే గంత కలోంజి ఎవరు తినాలె? అందరు వేస్తే గిది గూడ వరే అయితది."

ఆ మాట నేను మరిచిపోలేదు. పంట మార్చడమంటే అందరూ కలిసి ఒక గుంట లోంచి లేచి ఇంకో గుంటలో కూర్చోవడం అనుకున్నాం మేము. అయినా ఒకటి చెప్పాలి, చాయ్ డబ్బులు ఆయన ఎందుకు తీసుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆబిడ్స్, రెండో అంతస్తు

శుక్రవారం పొద్దున ఆబిడ్స్‌లో కంపెనీ ఆఫీసుకు బయలుదేరాను. రాత్రి నిద్ర పట్టకపోతే తిట్లు వరుసగా పేర్చుకున్నాను. ఏడు వందల ఆశ చూపి రెండు వందల పంట అంటగడతారా అన్నది మొదటిది. కింద చీరెల దుకాణం, పైన వీళ్లు. మెట్ల మీద నా కొత్త చెప్పులు చప్పుడు చేస్తుంటే నాకే ధైర్యం వచ్చింది.

లోపల మేనేజరమ్మ ఒకామె, సతీశ్ ఉన్నారు. పేర్చుకున్నవన్నీ ఒక్క ఊపున అనేశాను. మేనేజరమ్మ అడ్డురాలేదు. అంతా అయ్యాక ఒప్పందం కాగితం నా ముందు పెట్టి, "ఎక్కడుందో చూపించండమ్మా" అంది.

చదివాను. పంట పేరు కలోంజి. ధర, కోత నాటి బజారు ధర. నల్ల జీలకర్ర అన్న మాట లేదు. ఏడు వందలు అన్న అంకె లేదు. తిరగేశాను. వెనుక కూడా లేదు. అదే కాగితం నా సంచిలో మూడు రోజులుగా ఉంది, అంతకు ముందు ఇంట్లో పది రోజులు ఉంది. పదిసార్లు చదివాను, సంతకాల దగ్గర ఏదో మోసం ఉంటుందని.

"నల్ల జీలకర్ర అన్నది ఎవరు మరి?" అన్నాను.

"మీరే గదమ్మా" అన్నాడు సతీశ్. "ఏడు వందలని గూడ మీరే రాసి గోడకు పెట్టిన్రు. నేను ఒక్క ధర చెప్పలే."

అప్పుడు మల్లేశం నా చెయ్యి తట్టాడు. సతీశ్ బల్ల వెనుక గోడకు ఒక కాగితం అంటించి ఉంది. ఒక పక్క వరి, ఒక పక్క నల్ల జీలకర్ర. నీళ్లు, రోజులు, ధర. అక్షరాలు నావి. బల్ల మీద అదే కాగితం నకళ్లు ఒక దొంతర, నాలుగు ఊళ్ల పేర్లు ఎర్ర పెన్నుతో పైన రాసి, విడివిడిగా పిన్ను గుచ్చి ఉన్నాయి. మా ఊరు అందులో లేదు. మా ఊరికి నకలు అవసరం లేదు కదా.

"మీ రాత మంచిగున్నది, రైతులకు జల్ది అర్థమైతుందని ఫొటో తీసుకున్న" అన్నాడు సతీశ్.

"ధర తప్పని నీకు తెల్సా?"

అతను ఫోన్ తిప్పుకుంటూ, "ధర నన్ను ఎవ్వరు అడగలే గదమ్మా" అన్నాడు.

అదే జవాబు. తెలుసన్నమాట. ఆ కాగితం పుట్టించింది నేను, పెంచింది వాళ్లు. ఇంతమందిని అనుమానించాను కదా, ఆటో అతన్ని, నీళ్లిచ్చిన పిల్లను, చాయ్ ఇచ్చిన సేటును. తప్పు మాత్రం నా చేతి రాతలో, నా గోడ మీదే ఉంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిందో కోపంతో వచ్చిందో విడదీసి చెప్పలేను.

మేనేజరమ్మ ఇవాళే తీయించేస్తామంది. నేను ఆ మాట నమ్మలేదు, ఈసారి మాత్రం నమ్మకపోవడమే సరైంది. గోడ మీది కాగితం నేనే చింపి సంచిలో వేసుకున్నాను. మల్లేశం దొంతర మీది నాలుగు ఊళ్ల పేర్లు తన అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. మెట్లు దిగుతూ అన్నాడు, "కింద సంతకం గూడ పెట్టినవ్ వదినె. రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ అని. గందుకే అందరు నమ్మిన్రు."

పెద్ద పోస్టాఫీసు

ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు చూడాలని నాకు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ కోరిక. మా సంచీలు ఎన్నో చేతులు దాటి ఎక్కడికో పోతుంటే, చివరికి అన్నీ ఆ భవనంలోకే చేరతాయని ఊహించుకునేదాన్ని. ఎప్పుడైనా వెళితే కౌంటర్ దగ్గర నిలబడి, నేనూ మీదాన్నేనని చెప్పాలనుకునేదాన్ని. వెళ్లాను. చెప్పలేదు.

"నాలుగు కార్డులు ఇయ్యమ్మా" అన్నాను కౌంటర్లో ఆమెతో.

"కార్డులా? ఇంక ఎవరు రాస్తున్రు పెద్దమ్మా" అంటూనే వెతికి ఇచ్చింది. ఒక్కోటి అర్ధరూపాయి. మూడు రోజుల్లో హైదరాబాద్‌లో నేను ధర అడగకుండా కొన్నవి అవే.

మల్లేశం అరచెయ్యి తెరిచి బల్ల మీద పెట్టాడు. చెమటకు ఒక పేరు సగం చెరిగింది గానీ చదవగలిగాను. నాలుగు కార్డుల మీదా ఊరి పోస్ట్‌మాస్టర్ గారికని చిరునామా రాశాను. ఊళ్లో ఎవరి కాగితం ఎవరు చదివి చెబుతారో నాకు తెలుసు. లోపల ఇలా రాశాను:

"మీ ఊళ్లో కలోంజి పంట గురించి చూపిస్తున్న కాగితంలో రాత నాది. అందులో ధర తప్పు. అది షాజీర ధర, కలోంజి ధర కాదు. కలోంజికి అందులో మూడో వంతే వస్తుంది. తప్పు నాదే. దయచేసి పదిమంది ఉన్నచోట ఇది పైకి చదవండి."

కింద సంతకం పెట్టడానికి చెయ్యి ఆగింది. పెట్టాను. ముందు కాగితానికి పెట్టినదాన్ని దీనికి పెట్టకపోతే ఎలా? కార్డులు డబ్బాలో వేయకుండా కౌంటర్ మీదే ఇచ్చి, నాలుగింటి మీదా ముద్ర పడేదాకా నిలబడ్డాను. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. ఈసారి మాత్రం నాలుగుసార్లూ ఉలిక్కిపడ్డాను.

ఊరు

శనివారం పంచాయతీ గోడ దగ్గర పది కుటుంబాలవాళ్లూ చేరారు. సేటు దగ్గర పొట్లం కట్టించుకున్న షాజీర, మా కలోంజి పక్కపక్కన పోసి చూపించాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, ఆఫీసులో పొడిచిన మోచేతితో సహా. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అందరిలో పెద్దది లచ్చవ్వ మాత్రం రెండు గుప్పిళ్లూ వాసన చూసి, "నీకే తెల్వదంటే ఇంక మాకేం తెలుస్తది బిడ్డా" అంది. తిట్టు అంటే అదే.

సోమవారం సతీశ్ రాలేదు. మల్లేశం అర ఎకరంలో కలోంజి వేశాడు, నాంపల్లి ఆఫీసులో ఆ పిల్ల చెప్పినంతే. ఎకరంలో శనగ, అర ఎకరంలో కుసుమ. మిగిలిన ఎకరం మళ్లీ వరి, ఇంటి తిండికి, బోరు ఇచ్చిన మేరకు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా ఆయన వేళాకోళం చేస్తే, "అన్నా, గీసారి ఉలిపికట్టెనే మంచిగుంటదట, సేటు చెప్పిండు" అన్నాడు మల్లేశం. కోత అయ్యాక ఒక గుప్పెడు పట్టుకుని నేరుగా రాంకిషన్ దగ్గరికే పోతాడట. ఆ రోజు నేనూ వెళ్తాను. ఆ సేటు చాయ్ సంగతి ఇంకా తేలలేదు.

నాలుగు కార్డులకు రెండు జవాబులు వచ్చాయి. ఒకరు చదివి వినిపించామని రాశారు. రెండో ఊరి పోస్ట్‌మాస్టర్, కార్డు అందేసరికే ఆరు కుటుంబాలు సంతకాలు పెట్టి విత్తనం కూడా వేసేశాయని రాశాడు. నా మీద ఒక్క మాట లేదు. ఆ ఆరు కుటుంబాల పేర్లు మాత్రం వరుసగా రాసి పంపాడు. అవి నా సంచిలోనే ఉన్నాయి.

మా ఊళ్లో ఇప్పటికీ కాగితాలు నా దగ్గరికే వస్తాయి. బోరు కాగితం, పింఛను కాగితం, బడి కాగితం. చదివి చెబుతాను. వింటారు. విన్నాక మాత్రం ఇంతకు ముందు ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతున్నారు. మొన్న సుజాత కూడా అడిగింది, చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా.

"గిది నువ్వు చదివినవా అక్కా, రాసినవా?"